విశాఖ నుంచి రంగం ఎంత దూరం?

రెండు విమానాశ్రయాల మధ్య దూరం చెప్పే పుటలు జాలంలో చాలా ఉన్నాయి. రెండు ఊళ్ళ పేర్లు ఇస్తే చాలు, ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని క్షణంలో జవాబు వస్తుంది. ఆ లెక్క వెనుక పెద్ద రహస్యమేమీ లేదు. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళంగా భావించి, రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు తీసుకొని, వాటిని కలిపే మహావృత్తపు చాపం పొడవు కడతారు. దానిని జెట్ విమానపు సగటు వేగంతో భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ పట్టే సమయం మరో అరగంట కలుపుతారు.

ఈ లెక్కను విశాఖపట్నానికి కట్టి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. విశాఖ నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన సుమారు 1,360 కిలోమీటర్లు. విశాఖ నుంచి రంగూనుకు, అంటే నేటి యాంగోన్‌కు, సుమారు 1,370 కిలోమీటర్లు. తేడా పది పదిహేను కిలోమీటర్లు. విశాఖలోనే ఈ కొస నుంచి ఆ కొసకు పోయినంత కూడా కాదు. ఒకటి మన దేశ రాజధాని. రెండవది సముద్రానికి ఆవల పరాయి దేశపు నగరం. భూగోళం మాత్రం రెంటినీ మనకు సమాన దూరంలోనే ఉంచింది.

ఢిల్లీ విమానం ఎక్కినవాడు రెండుంబావు గంటల్లో అక్కడ దిగుతాడు. రంగూనుకు పోదలచినవాడికి నేరుగా విమానం లేదు. కలకత్తా మీదుగా లెక్కవేస్తే 1,800 కిలోమీటర్లు, బాంకాక్ మీదుగా 2,500 పైచిలుకు, సింగపూర్ మీదుగా అయితే దాదాపు 4,850. అంటే అసలు దూరానికి మూడున్నర రెట్లు. మధ్యలో విమానాశ్రయంలో పడిగాపులు, అంతకు ముందు వీసా కోసం తిరుగుళ్ళు వేరు. రెండు గంటల దారి ఒక రోజు దారి అవుతుంది, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువే.

రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని భూగోళం ఒకసారి నిర్ణయించి ఊరుకుంటుంది. ఆ తరువాత దానిని పెంచేవీ తగ్గించేవీ ఓడల కంపెనీలు, ప్రభుత్వాల ఉత్తరువులు, యుద్ధాలు. విశాఖ-రంగూన్ల కథ ఇందుకు నాకు తెలిసినంతలో అతి స్పష్టమైన ఉదాహరణ. అందుకే ఈ టపా.

మొదట పేరు సంగతి. ఉత్తరాంధ్రలో పాతతరం వారు రంగూన్ అనరు, ‘రంగం’ అంటారు. మా అమ్మమ్మది విజయనగరం దగ్గర ఒక పల్లె. ఆవిడ మాటల్లో ‘రంగమెళ్ళిపోనాడు’ అన్నది తరచు వినబడేది. అప్పులపాలైనవాడు, అన్నదమ్ములతో పోట్లాడినవాడు, పెళ్ళాం మీద అలిగినవాడు, ఏమీ లేక కూలికి పోయినవాడు, అందరూ వెళ్ళేది రంగమే. ‘మూడు పగళ్ళు, మూడు రాత్రిళ్ళు ఓడ’ అని ఆవిడ దూరం చెప్పేది. కిలోమీటర్లూ మైళ్ళూ ఆ లెక్కలో లేవు. ఢిల్లీకి మాత్రం ఆవిడ దగ్గర ఏ కొలతా లేదు. అది వినడమే గాని తెలిసినవారెవరూ పోని ఊరు. ఆ పల్లెకు రంగం దగ్గర, ఢిల్లీ దూరం.

ఈ దగ్గరితనం ఒక్కనాటిది కాదు. పదహారు, పదిహేడు శతాబ్దాలలో మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు బట్టలు పెగూ రాజ్యానికి వెళ్ళేవి. కాకినాడ దగ్గరి కోరంగి ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. ఆ రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువారందరికీ ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, విశాఖ నుంచి వెళ్ళినా అక్కడ అందరూ కోరంగీలే. అయితే తెరచాపల కాలంలో ప్రయాణకాలాన్ని నిర్ణయించేది గాలి. నైరుతి గాలి పట్టుకొని పోవాలి, ఈశాన్యపు గాలి కోసం ఆగి తిరిగి రావాలి. ఎన్ని మైళ్ళు అని కాక ఏ నెలలో అని అడగవలసిన కాలమది.

ఆవిరి ఓడ వచ్చి ఈ లెక్క మార్చింది. 1852లో రంగూన్‌తో సహా దిగువ బర్మా ఆంగ్లేయుల చేతిలోకి వెళ్ళింది. 1856లో విలియం మకిన్నన్ కలకత్తా-బర్మా మార్గంలో టపా మోయడానికి ఒక స్టీమరు కంపెనీ పెట్టాడు. అదే 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. ఐరావతీ డెల్టాలో అడవులు నరికి వరిసాగు విస్తరించేకొద్దీ కోతలకు, బియ్యపు మిల్లులకు, రేవులో బస్తాలు మోయడానికి లక్షల చేతులు కావలసివచ్చాయి. ఆ చేతులు కోరమాండల్ తీరంలో దొరికాయి. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవులలో కూలీలను ఎక్కించుకొని స్టీమర్లు రంగూన్ దారి పట్టేవి.

ఆ దారి పొడవు ఎంతో చూద్దాం. ఓడ ఆకాశంలో పోయినట్లు సూటిగా పోలేదు. బర్మా నైరుతి కొనను చుట్టి, డెల్టా దక్షిణపు అంచు వెంట సాగి, రంగూన్ నదిలో ముప్ఫై నాలుగు కిలోమీటర్లు ఎగువకు పోవాలి. అంతా కలిపి సుమారు ఎనిమిది వందల నాటికల్ మైళ్ళు, అంటే 1,470 కిలోమీటర్లకు దగ్గర. గంటకు పది, పన్నెండు నాటికల్ మైళ్ళ వేగంతో నడిచే స్టీమరుకు ఇది సరిగ్గా మూడు పగళ్ళు, మూడు రాత్రులు. అమ్మమ్మ లెక్క తప్పలేదు.

ఓడ ఎక్కడమే ఒక సాహసం. 1933 దాకా విశాఖలో పెద్ద ఓడలు లోపలికి వచ్చే రేవు లేదు. స్టీమరు డాల్ఫిన్స్ నోస్ కొండకు ఎదురుగా సముద్రంలో లంగరు వేసి ఉంటే, కెరటాల మీదుగా మసూలా పడవలలో మనుషులను చేరవేసేవారు. పలకలను మేకులతో బిగించకుండా తాళ్ళతో కుట్టిన పడవలవి; కెరటం కొట్టినా విరగక, ఒంగి తట్టుకొనేవి. ఆపైన మూడు రోజులు డెక్కు మీద చాప వేసుకొని, మూటనే తలగడ చేసుకొని పడుకోవాలి. చాలామందికి ఓడ చార్జీ కూడా మేస్త్రీ పెట్టిన అప్పే. ఆ అప్పు తీరేదాకా కూలిలో కోత తప్పదు. కొందరు రెండు మూడేళ్ళకు నాలుగు రాళ్ళు వెనకేసుకొని వచ్చేవారు, కొందరు మళ్ళీ వెళ్ళేవారు, కొందరు ఏ కబురూ లేకుండా పోయేవారు.

1920ల చివరి సంవత్సరాలలో భారతదేశం నుంచి బర్మాకు ఏటా మూడు లక్షలమందికి పైగా వెళ్ళారు. ఆ రోజులలో వలసజనం దిగే రేవుగా రంగూన్‌ను న్యూయార్క్‌తో పోల్చేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ నగరంలో నాలుగు లక్షల జనం ఉంటే వారిలో సగానికి పైగా, రెండు లక్షల పైచిలుకు, భారతీయులే. బర్మా మొత్తంలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. అందులో తెలుగువారు లక్షన్నరకు పైబడి ఉన్నారు. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల జనం సంపాదనకు అతి దగ్గరగా ఉన్న మహానగరం అదే.

అప్పట్లో ఢిల్లీ ప్రయాణం ఎట్లా ఉండేదో పక్కన పెట్టి చూడండి. వాల్తేరు నుంచి హౌరాకు రైలు, అక్కడ మారి ఢిల్లీకి మరో రైలు. మొత్తం 2,300 కిలోమీటర్ల పైమాట, రెండు మూడు రోజులు. కాలంలో రెండు దారులూ ఇంచుమించు సమానమే. అయితే ఆ చివర ఎదురుచూస్తున్న పని విషయంలో పోలిక లేదు. రంగూన్ రేవులో మనవాళ్ళ భాష మాట్లాడే మేస్త్రీ ఉన్నాడు, మన ఊరి మనుషుల బారకాసు ఉంది. ఢిల్లీలో కూలివాడికి ఎవరున్నారు?

ఇంత దగ్గరైన ఊరు ఎట్లా దూరమైంది? దూరం పెరగడం కాగితాల మీద కంటె ముందు మనసులలో మొదలైంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీల వారు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమై తెలుగువారిని తిరిగి పిలిచేసరికి, కొత్తగా చేరిన బర్మావారి నోటి దగ్గర కూడు పోయింది. మే 26న మొదలైన ఘర్షణ కొద్ది రోజులలో నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరు పేదవాళ్ళ మధ్య పెట్టిన తగాదా అది. తక్కువ కూలికి మనుషులు దొరకడమే కావలసినవారు లాభపడ్డారు. చచ్చినవారు ఇరువైపులా కూలీలే. బర్మావారి కోపానికి కారణాలు లేకపోలేదు. ఆర్థికమాంద్యంలో వడ్లధర పడిపోయి, అప్పుల కింద వారి పొలాలు వడ్డీవ్యాపారుల పరమవుతున్న కాలమది. ఆ వ్యాపారులు భారతీయులు కావడంతో, రేవు కూలివాడు కూడా ఆ కోపానికి గురి అయ్యాడు.

1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. అంతవరకు విశాఖ నుంచి రంగూన్ వెళ్ళడమంటే ఒకే రాజ్యంలో ఒక రేవు నుంచి ఇంకొక రేవుకు వెళ్ళడం. ఆనాటి నుంచి అది పరదేశం. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. 1941 మధ్యలో ఇరు ప్రభుత్వాలు కుదుర్చుకున్న వలస ఒప్పందం పర్మిట్లను, రుసుములను తెచ్చిపెట్టింది. స్టీమరు వేగం తగ్గలేదు, సముద్రం వెడల్పు పెరగలేదు. అయినా చదువు రాని కూలివాడికి రంగం ఒక్కసారిగా దూరమైంది.

ఇక్కడ ఒక విధివైపరీత్యం చెప్పుకోవాలి. విశాఖకు అసలైన ఓడరేవు వచ్చింది ఈ దారి మూసుకుపోతున్న రోజులలోనే. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ప్రయాణికుల ఓడ ‘జలదుర్గ’ రాకతో కొత్త హార్బరు తెరుచుకుంది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అదే ఏడాది ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి లండన్ విమానమార్గం కలకత్తా, అక్యాబ్, రంగూన్ మీదుగా సింగపూర్ దాకా సాగింది. ఆ విమానాలలో దొరలు, టపా సంచులు పోయేవి. మన కూలివాడికి మాత్రం మసూలా పడవ తప్పి, గట్టు మీద నుంచే ఓడ ఎక్కే భాగ్యం కలిగింది. అదీ ఎనిమిదేళ్ళ ముచ్చటే.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 25న మళ్ళీ వేశాయి. రేవు కూలీలు, మిల్లు కూలీలు కుటుంబాలతో నగరం విడిచి ఉత్తరానికి నడవసాగారు. వారు పోతే రేవు ఆగిపోతుందని ప్రభుత్వం నచ్చజెప్పి చాలామందిని వెనక్కి తెప్పించింది. ఓడలలో చోటు దొరికినవారు అదృష్టవంతులు. ఆ తరువాత సముద్రం మూసుకుపోయింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది.

మూడు రోజుల దారి మూసుకుపోయినప్పుడు మిగిలినది కాలినడక. ఒక దారి ప్రోం నుంచి అరకాన్ కొండల మీదుగా తౌంగుప్‌కు, నూరు మైళ్ళకు పైన. అక్కడి నుంచి పడవలలో అక్యాబ్, చిట్టగాంగ్. రెండవది చింద్విన్ నది దాటి తమూ మీదుగా ఇంఫాల్‌కు. మూడవది ఉత్తరాన హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లీడోకు. నీళ్ళు లేని కనుమలు, కలరా, మలేరియా, వానలు మొదలయ్యాక బురద. నాలుగైదు లక్షలమంది ఈ దారుల వెంట బయలుదేరినట్లు అంచనా. చనిపోయినవారి సంఖ్య పదివేలకు తక్కువ కాదని, యాభైవేల దాకా ఉండవచ్చని, అంతకు మించి ఉంటుందని భిన్నమైన లెక్కలున్నాయి. సరిగ్గా లెక్క తేలకపోవడానికి కారణం, ఆ చనిపోయినవారిని ఎవరూ లెక్కపెట్టకపోవడమే. శ్రీకాకుళం వాడు తన ఊరు చేరడానికి అస్సాం, బెంగాల్, ఒరిస్సా చుట్టి రావలసివచ్చింది. ఆకాశాన 1,370 కిలోమీటర్లు అప్పుడూ 1,370 కిలోమీటర్లే.

ఆ యుద్ధం సముద్రం దాటి ఇవతలికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా దాడి జరిగింది. పట్టణం పట్టణమంతా మూటాముల్లె సర్దుకొని పల్లెలకు తరలింది. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. మరుసటి ఏడు బెంగాల్‌ను కబళించిన కరువుకు గల కారణాలలో అదీ ఒకటి.

యుద్ధం ముగిశాక పాత దారి పాతదిగా తెరుచుకోలేదు. 1947లో బర్మా కొత్త వలస చట్టం చేసి పర్మిట్లను కట్టుదిట్టం చేసింది. 1948 జనవరి 4న స్వతంత్రమైంది. 1962 మార్చి 2న నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964 మార్చిలో దుకాణాలను జాతీయం చేశారు. మే నెలలో యాభై, నూరు చ్యాట్ నోట్లను రద్దుచేశారు. సుమారు మూడు లక్షలమంది భారతీయులు దేశం విడిచి వచ్చారు. వెంట తెచ్చుకొనే సొమ్ము మీద, బంగారం మీద కఠినమైన ఆంక్షలు. మద్రాసుకూ విశాఖకూ శరణార్థుల ఓడలు వచ్చాయి. మూడు రోజుల ఓడ ప్రయాణం మళ్ళీ ఉన్నట్లే ఉంది, కాని ఇప్పుడది ఒకవైపే నడిచే దారి.

విశాఖలో కంచరపాలెం వైపు వెళ్ళినవారికి ‘బర్మా క్యాంపు’ అన్న పేరు పరిచయమే. బస్సులో ఆ పేరు వింటూ దిగేవారిలో ఎంతమందికి అది నిజంగా ఒక క్యాంపు అని తోస్తుందో చెప్పలేను. ఒకప్పుడు పని వెతుక్కుంటూ ఈ ఊరి నుంచి ఓడ ఎక్కినవారి పిల్లలు, మనుమలు, సర్వం పోగొట్టుకొని ఇదే ఊళ్ళో ఓడ దిగారు. వారు వచ్చేనాటికి ఊరు కూడా మారిపోయింది. ఓడల నిర్మాణశాల, నూనె శుద్ధి కర్మాగారం వచ్చాయి, కొద్ది ఏళ్ళలో ఉక్కు కర్మాగారానికీ పునాది పడింది. మనుషులను బయటికి పంపిన రేవు, మనుషులను రప్పించుకొనే నగరం అయింది. ఇక రంగం వెళ్ళవలసిన అవసరం తీరింది. అవసరం తీరిన దారిని ఎవరూ తలచుకోరు.

విమానాల యుగం ఈ దారిని తిరిగి కలపలేదు. యుద్ధకాలపు రన్‌వేతో మొదలైన విశాఖ విమానాశ్రయం నౌకాదళపు అధీనంలో ఉంటూనే ఎదిగింది. 2007లో పదివేల అడుగుల కొత్త రన్‌వే వచ్చింది. సింగపూర్, కౌలాలంపూర్, బాంకాక్ నగరాలకు విశాఖ నుంచి నేరుగా విమానాలు నడిచిన సంవత్సరాలున్నాయి. బాంకాక్ విమానానికి సూటిదారి దాదాపు రంగూన్ దిశలోనే సాగుతుంది. ఒకప్పుడు ప్రాణం పెట్టి చేరవలసిన తీరం మీదుగా, కిటికీలోంచి కూడా చూడకుండా, మనవాళ్ళు సెలవులకు పోతారు. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో మళ్ళీ సైనిక పాలన వచ్చాక ఆ దారి మరింత సన్నగిల్లింది.

రంగూన్ పేరు 1989లో యాంగోన్ అయింది. అయినా ఆ విమానాశ్రయానికి అంతర్జాతీయ సంకేతం నేటికీ ‘ఆర్‌జీఎన్’. ప్రభుత్వం మార్చిన పేరు టిక్కెట్టు మీద మారలేదు. మన ‘రంగం’ కూడా అట్లాంటిదే. ఓడలు పోయాయి, పని పోయింది, మనుషులు పోతున్నారు. మాట మాత్రం పల్లెలలో అక్కడక్కడ ఉంది. ఆవల మోన్ రాష్ట్రంలో, యాంగోన్‌లో తిరిగి రాకుండా ఉండిపోయిన తెలుగు కుటుంబాలున్నాయి. వారి గడియారం మనకంటె ఒక్క గంట ముందు. అంత దగ్గర.

దూరం లెక్కగట్టే పుటలలో 1,370 అన్న అంకె ఎప్పటికీ అట్లాగే ఉంటుంది. 1930లో మూడు రోజులు, 1942లో మూడు నెలలో ఒక జీవితమో, 1964లో తిరిగిపోలేని దూరం, నేడు రెండు విమానాలు, ఒక వీసా. ఈ అంకెలను ఏ సూత్రమూ ఇవ్వదు. ఇవి ఇళ్ళలో ఉన్నాయి. 1942లో తల్లి చంక నెక్కి అరకాన్ కొండలు దాటిన బిడ్డలకు ఇప్పుడు ఎనభై దాటాయి. 1964 ఓడలో వచ్చిన పిల్లలు ముసలివారయ్యారు. మిత్రులలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల వారు చాలామంది ఉన్నారు. మీ ఇళ్ళలో బర్మా టేకు పెట్టె ఒకటి ఉందేమో, ‘రంగం తాత’ అని పిలిపించుకున్నవారు ఉన్నారేమో అడగండి. ఏ రేవులో ఎక్కారు, ఎన్నాళ్ళు పట్టింది, ఏ దారిన తిరిగి వచ్చారు అన్న మూడు ప్రశ్నలు చాలు. వారు చెప్పినది చెప్పినట్టు రాసిపెట్టండి.